మూడో పాదంలో ఆగే చోటు

హోర్నీ లాజీ,
జూన్ 9, ఆదివారం.

ప్రియమైన ఓతకర్‌కి,

రోజినా రాస్తున్నది. ఇక్కడ అమ్మ మోకాళ్ళు తప్ప మిగతా అందరం కులాసా. నువ్వూ హెర్మీనా అత్తా బాగానే ఉండి ఉంటారు. బాగోకపోతే నువ్వు నాలుగు వందల పేజీలు రాసేవాడివి కాదు. మర్యాద ఇక్కడితో సరి.

నువ్వు పంపిన కట్ట అందింది. చెక్ సంగీతం మీద డాక్టరేటు కోసం నువ్వు రాసినదాంట్లో మన ఊరి అధ్యాయం మూడు రోజులు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కూర్చుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. మా ఫోర్‌మన్ చూసి, ఏమ్మా ప్రొఫెసరమ్మా, రేపటినుంచి లేతు మిషను కూడా లాటిన్‌లోనే తిప్పుతావా అన్నాడు. నీ మూలంగా అదీ పడ్డాను.

నూట పన్నెండో పేజీలో ఆగిపోయాను. అక్కడ మా నాన్న ఉన్నాడు, పేరు మాత్రం లేదు. ఏడవ సమాచారదాత, పురుషుడు, వడ్రంగి, అరవై నాలుగేళ్ళు అట! నలభై ఏళ్ళు ఈ ఊరి వాద్యబృందానికి ముందు నిలబడి ఫిడేలు వాయించిన మెతోదేయ్ నీకు ఏడో నంబరా? రికార్డు చెయ్యడానికి వచ్చి నాలుగు రోజులు మా ఇంట్లో ఉన్నావే, మా నాన్న పొగబెట్టిన పంది మాంసం మూడోసారి వడ్డించుకున్నప్పుడు ఏ నంబరుగారి ఇంట్లో తింటున్నాననుకున్నావు?

నేను ఏ బడిలోనూ సంగీతం నేర్వలేదు. అట్ట ఊడిన లైబ్రరీ పుస్తకం ముందేసుకుని స్వరాలు చదవడం పట్టుకున్నాను. అయినా నువ్వు చెప్పేది నాకర్థమైంది. పండగలో మగవాళ్ళు బృందం ముందు నిలబడి ఎవరి పాట వాళ్ళు ఎత్తుకుని ఆడతారు కదా, ఆ పాటల మూడో పాదం నడుమ మన బృందమంతా ఒక్క క్షణం ఆగుతుంది. పక్క ఊళ్ళలో ఎక్కడా ఆగరు. కాబట్టి అది రెండు వందల ఏళ్ళ కిందటి చర్చి కీర్తనల అవశేషం అన్నావు. నీ పుస్తకమంతా ఆ ఒక్క క్షణం మీద నిలబెట్టావు. ఇప్పుడు పరీక్షకుల్లో ఒక ముసలాయన దానికి సాక్ష్యం అడిగాడు. అందుకే కట్టతో పాటు సంతకానికి ఈ కాగితం పంపావు. ఆ పద్ధతి మా ముత్తాత కాలం నుంచీ వస్తున్నదని కుటుంబం తరఫున నేను సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఇరవై ఒకటిన నీ వైవా గట్టెక్కదు.

పెట్టను.

అది పాతది కాదు, ఓతా. నాన్న నీకు అబద్ధం చెప్పాడు. ఎందుకు చెప్పాడో నాకు తెలుసు. నీకు చెప్పనని మార్చిలో ఆయన పోయే ముందు ఆస్పత్రి మంచం పక్కన మాటిచ్చాను. కాబట్టి అడక్కు.

కోపంతోనే మొదలుపెట్టాను గానీ, నీ పేజీలు చదువుతుంటే మధ్యలో ఎన్నిసార్లు ఆగిపోయానో. మనిద్దరం పండగ రోజుల్లో వేదిక మీద మీ నాన్న వెనకాలే కూర్చునేవాళ్ళం, గుర్తుందా? ఆయన మనిషెత్తు బాస్ ఫిడేలు వాయిస్తుంటే ఆ చప్పుడు పలకల్లోంచి పొట్టలోకి ఎక్కేది. ప్లమ్ పళ్ళ జామ్ పెట్టిన రొట్టెలు చేతిలో మెత్తబడిపోతున్నా తినడం మరిచిపోయేవాళ్ళం. మీ నాన్న, అదే మా ఆలోయిస్ మామ, పండగ చొక్కా వేసుకున్నా కనుబొమల మీద రాతి గని దుమ్ము అలాగే ఉండేది. మేయరు ఆడటానికి వస్తే, కాలు ఇంకాస్త ఎత్తండి దొరా, ఆ చెప్పులు పంచాయతీ సొమ్ముతో కొన్నవేగా, అరిగితే మీకేం పోయింది అనేవాడు. మా నాన్న నవ్వాపుకోలేక గడ్డం ఫిడేలుకి అదిమేసేవాడు. నీ పుస్తకంలో కొలతలన్నీ ఉన్నాయి, ఆ నవ్వు లేదు.

మామ పోయాక అత్త నిన్ను బ్ర్నో నగరానికి తీసుకెళ్ళిపోయింది. నీకు పదేళ్ళు, నాకు తొమ్మిది. బస్సు కిటికీలోంచి నాలుక బయటపెట్టి వెక్కిరించావు. నేను ఏడవకుండా రాయి విసిరాను. తగల్లేదు.

ఇప్పుడు విసురుతున్నది తగిలితే తగలనీ. చదువుకున్నావు, సంతోషమే. కానీ మనుషుల పేర్లు చెరిపేసి చదువుకోవాలా?

నీ మీద కోపంతో, అయినా నీ
రోజినా.

తా.క.: కవరు అంటించి మళ్ళీ చింపాను. మాట తప్పుతున్నాను. నాన్న ఏమంటాడో పైకి వెళ్ళాక చూసుకుంటాను.

ఇరవై రెండేళ్ళ కిందట మీ నాన్న బాస్ మోసుకొచ్చి మా వంటింటి గోడకి ఆనించాడట. మెతోదేయ్, ఇంకొకణ్ణి చూసుకో, రొమ్ము నిండా గని దుమ్మే, పాట మధ్యలో దగ్గొచ్చి నీ పరువు తీస్తున్నాను అన్నాడట. ఎక్కడొస్తోంది అని అడిగాడట మా నాన్న. మూడో పాదంలో అన్నాడట. అయితే అక్కడ అందరం ఆగుతాం, నువ్వు దగ్గేసి రా, ఎవడైనా అడిగితే మా ఊళ్ళో ఇంతే అందాం, ఇక నోరు మూసుకుని తాగు అని గ్లాసు చేతిలో పెట్టాడట. ఆ ఏడు ఆడేవాళ్ళు బిత్తరపోయి కాలు గాల్లోనే ఉంచారు. మరుసటేడు కాలు అలా నిలపడమే గొప్పయింది. నాలుగు పండగలు అలా వాయించాడు మీ నాన్న. ఐదో పండక్కి ఆయన లేడు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. మూడో పాదం రాగానే అందరి కమానులూ తీగల మీంచి లేచాయి.

నువ్వు మైకు పెట్టి ఇది ఎప్పటినుంచి అని అడిగినప్పుడు నాన్న నీ ముఖం చూసి, తాతల నాటిది బాబూ అనేశాడు. నువ్వు వెళ్ళాక, అది మీ నాన్న దగ్గురా అని వాడికి ఏ నోటితో చెప్పను అన్నాడు నాతో.

కాగితం జతచేశాను. అందులో మా ముత్తాతని కొట్టేసి, ఆలోయిస్, రాతి పనివాడు, బాస్ వాయించినవాడు అని రాసి, దాని కింద సంతకం పెట్టాను. మీ పరీక్షకులకి అది చాలకపోతే నేనే వచ్చి చెబుతాను. ఇరవై ఒకటిన సెలవు పెట్టాను. ఏ గదో రాయి.