ఐదు ముక్కల మాట, బీరువా తాళం

జులై 1
సంగారెడ్డి స్కూల్లో డెమో క్లాసు అయింది. పొడుగు ఇంగ్లిష్ మాటల్ని ముక్కలు చేసి చెప్పా. ముక్కకో వేలి దెబ్బ బల్ల మీద, ఒత్తి పలికే ముక్కకి డస్టర్. అ-ప్రాక్-సి-మట్-లీ... ఐదు ముక్కలు, రెండోదానికి డస్టర్. సుద్దపొడి లేచి ప్రిన్సిపాల్ చీర మీద పడింది. ఆమె నవ్వింది. తీసుకుంటారట. పదహారులోపు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వాలి.

జులై 2
అవి నా దగ్గరుంటే కదా. ఏడేళ్ల కింద ఇప్పుడు చేస్తున్న ఈ స్కూల్లో చేరిన రోజే డిగ్రీ, బీఎడ్, అన్నీ కరస్పాండెంట్ సార్ చేతిలో పెట్టాను. టీచర్లందరం అంతే. సార్ గదిలో ఆకుపచ్చ బీరువా, అందులో పెట్టి తాళం వేస్తాడు. అప్పుడు తప్పనిపించలేదు. ఎంత తెలివితక్కువదాన్ని.

జులై 3
అడిగాను. సార్ తలెత్తలేదు. "పోతనంటే ఎవరాపుతరు మేడమ్? మీ లెక్కనే ఇంగ్లిష్ చెప్పెటోళ్లను తయారు జేసి పోన్రి. ఆ దినమే ఇస్త."
ఇంట్లో మా ఆయన, "ఉన్నకాడ మంచిగనే ఉన్నవ్ గద."


జులై 6
నా బదులు చెప్పడానికి షహనాజ్ వచ్చింది. కోహీర్ అమ్మాయి, బీఎడ్ ఇప్పుడే అయింది. ఏ మాటకైనా మొదటి ముక్కనే ఒత్తుతుంది. కసురుకున్నా. పాపం, ఆమె మీద ఎందుకు నా కోపం.

జులై 9
సై-మల్-టే-ని-అస్-లీ. ఆరు ముక్కలు, మూడోదానికి డస్టర్. మళ్లీ, మళ్లీ చేయించా.
"జర ఆగున్రి అక్కా, నాలిక తిరుగుతలేదు."
అక్కా అంది.

జులై 10
పట్టేసింది. నాకంటే నెమ్మదిగా, నాకంటే బాగా. వెనక బెంచీలు కూడా ఆమెతో పాటు బల్లలు వాయించాయి. సార్ కిటికీ దగ్గర నిలబడి చూశాడు. సంతోషమేసింది — ఆమె కోసం కాదు, నా కోసం.

జులై 11
సార్ పిలిచాడు. "సోమవారం షహనాజ్ ఒరిజినల్స్ తెప్పియ్యున్రి. అవి లోపల వెడ్త, మీయి తీస్కపోన్రి."
సరే సార్ అన్నా. ఎంత తొందరగా అన్నానో.

జులై 12, ఆదివారం
షహనాజ్ ఇంటికొచ్చి ఫైలు ఇచ్చింది. వాళ్లమ్మ కుట్టిన గుడ్డ సంచి, లోపల అన్నీ వరుసగా.
"సార్‌కు మీ చేతుల మీద ఇస్తె మంచిగుంటది అక్కా. వాపస్ ఎప్పుడిస్తరు?"
"ఇస్తర్లే," అన్నా.
టీ కూడా తాగకుండా బస్సుకి పరిగెత్తింది. రేపు ఎనిమిదిన్నరకి స్కూలు. ఫైలు నా హ్యాండ్‌బ్యాగులో పెట్టా. తీసి మంచం మీద పెట్టా. మళ్లీ బ్యాగులో పెట్టా...