సముద్రంలో చెలమ తవ్విన గోపన్న

కర్నూలు జిల్లా, బేతంచెర్ల,
1938 మార్చి 14

దీపస్తంభ వ్యవహారములు చూచు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: దీపస్తంభ చరిత్ర పుస్తకమునందు మా తండ్రి గోపన్న 'పరారైనాడు' అని అచ్చైన మాటను కొట్టివేయుట గురించి.

రాతిపని చేసుకొని బ్రతుకు ఉరుకుందప్ప విన్నవించుకొనునది:

1. తమవారు అచ్చువేయించిన చరిత్రను మా స్టేషను మాస్టరు గారు చదివి వినిపించినారు. స్తంభమెంత ఎత్తో, దీపమెన్ని మైళ్ళకు కనబడునో, ప్రారంభము నాడు ఏ దొరగారు విచ్చేసినారో అన్నియు ఉన్నవి. చివర "పని ముగియువరకు ఒక్క ప్రాణమునకును హాని లేదు, బేతంచెర్ల రాతిపనివాడు గోపన్న మాత్రము పరారైనాడు" అని ఉన్నది. ముప్పది అయిదేండ్లకు మా తండ్రి పేరు అచ్చులో విన్నాము. ఇట్లు విన్నాము.

2. జరిగినది తోటి పనివాడు హనుమన్న కండ్లారా చూచినది. 1903 వేసవిలో స్తంభము కట్టుచుండగా మంచినీళ్ళ బండి రెండు దినములు రాలేదు. మా సీమలో ఏరు ఎండినచో ఇసుకలో గుంత తవ్వి, ఊరిన నీరు త్రాగుదుము. దానిని చెలమ అందుము. మా తండ్రి సముద్రము చూచి నాలుగు దినములే. ఆ ఉదయము ఆటుకు నీరు వెనుకకు పోయి ఇసుక బయటపడినది. "ఏరు ఎండిపోయిండాది హనుమన్నా, ఈడ తవ్వితే ఊట పడతాది" అని పార, కడవ తీసుకొని శానా దూరము పోయి తవ్వినాడు. పోటు వచ్చినది. ఈత రాదు. మా సీమలో ఎవరికి వచ్చును, ఎక్కడ నేర్చుకొందుము? కడవ ఒడ్డుకు వచ్చినది, మనిషి రాలేదు.

3. హనుమన్న పోయి చెప్పగా అక్కడి గుమాస్తా గారు నవ్వి, "సముద్రంలో మంచినీళ్ళకు గొయ్యి తవ్వేవాడెవడయ్యా! పారిపోయాడని రాసుకుంటాను" అన్నారట. నవ్వదగినదే, కాదనను.

4. ఆయన ఉలులు, సుత్తె అక్కడి పనివాండ్ల గుడిసెలోనే ఉండినవి, హనుమన్న తెచ్చి ఇచ్చినాడు. నేటికిని వాటితోనే నేను రాళ్ళు కొట్టుచున్నాను. పారిపోవు రాతిపనివాడు పెండ్లామునైనా విడుచును గాని ఉలులు విడువడు.

5. చావు రాయించుకొనబోగా ఇక్కడి కచేరీవారు "సముద్రము మా జిల్లాలో లేదు" అన్నారు. రేవు కచేరీవారు "ఆ మనిషి మా జిల్లావాడు కాడు" అన్నారు.

6. "పారిపోయినోనికి కర్మ యాడిదప్పా, బతికుంటేనో?" అని కులపెద్దలు నాడే కర్మ చేయనీయలేదు. మా అమ్మ మహాదేవమ్మ మొగుడు విడిచిన ఆడదన్న పేరుతో ఇన్నేండ్లు గాజులు వేసుకొని తిరిగినది. ఇప్పుడు మంచము పట్టినది. తాము ఆ మాట దిద్దిన నాడు గాజులు తీసివేయవలెను. "తీసేస్తా నాయనా, నేను పోయేలోపల రాయించు" అనుచున్నది. కన్నతల్లిని విధవను చేయుడని అర్జీ పెట్టుకొన్న కొడుకు మరొకడు ఉండడు. ఏమి చేయుదును? వేరే దారి నాకు తెలియదు.

కావున ఆ ఒక్క పంక్తిని 'సముద్రములో పోయినాడు' అని దిద్దించవలెను. మిగిలిన చరిత్ర తమ ఇష్టము.

తమ విధేయుడు,
గోపన్న కొడుకు ఉరుకుందప్ప
(వేలిముద్ర)

తా.క. అర్జీ చదివించగా విని, మా అమ్మ ఇంకొక మాట చేర్చమన్నది: "దొరను అడుగు నాయనా, ఆ దీపం కాడ ఉండేటోళ్ళకు ఇప్పుడన్నా మంచినీళ్ళు దొరుకుతాండాయా?"