కళ్ళు రెండూ వదిలేయండి సార్

ధర్మపురి జిల్లా, పాలకోడు దగ్గర తుంబలహళ్లిలో ఉంటున్న మునిస్వామి నాయుడు కొడుకు జయరామ నాయుడు అనే నేను, డెబ్బై ఒకటో ఏట, నా ఇంటి వసారాలో కూర్చుని నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి బాగానే ఉంది. కుడి మోకాలు తప్ప తక్కిన ఒళ్ళు కూడా చెప్పిన మాట వింటోంది. ఎవరూ నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు. ఇంతకు ముందు నేను రాసిన కాగితాలు ఏవైనా బయటపడితే అవి చెల్లవు.

తెలుగులో ఎందుకు రాశావని నా కొడుకులు అడుగుతారు. మా నాయన నేర్పిన అక్షరాలు ఇవి. సంతకానికి మించి తమిళం నా చేతికి రాలేదు. కొడుకులిద్దరికీ ఈ రాత చదవడం రాదు గనుక దీన్ని అందరి ఎదుట గట్టిగా చదవాలి. చదివే బాధ్యత, అమలు జరిపే బాధ్యత నా చిన్ననాటి స్నేహితుడు చంద్రప్పవి. చంద్రప్పా, నా చిన్న కొడుకు సిద్ధరాజ్‌కు కుడివైపు కూర్చుని చదువు. వాడికి ఎడమ చెవి వినబడదు.

1. నా స్వార్జితమైన రెండెకరాల మామిడితోట నా పెద్ద కొడుకు గోకులకృష్ణన్‌కు. చెట్లను వాడు బాగా చూసుకుంటాడు. మూడేళ్ళుగా కాపు లేని చెట్టుకు కూడా విసుక్కోకుండా నీళ్ళు పోశాడు. కూతురి దగ్గరికి వచ్చేసరికి ఆ ఓపిక ఎక్కడికి పోయిందో నాకు తెలియదు.

2. ఇవీ నా స్వార్జితమే: డ్యాము కాలువ కింద ఉన్న నాలుగెకరాల మాగాణి, ఈ ఇల్లు, గోకులకృష్ణన్ కూతురు మోహనప్రియకు. దానికిప్పుడు తొమ్మిదేళ్ళు. పద్దెనిమిది నిండేదాకా దాని తల్లి షర్మిళ సంరక్షకురాలిగా ఉండి ఆస్తిని చూసుకోవాలి. దాని తండ్రికి ఇందులో అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు, గుత్తకిచ్చే హక్కు ఏవీ లేవు. ఈ ఇంట్లో ఎవరు ఉండాలో ఎవరు బయటికి నడవాలో షర్మిళ ఇష్టం. తాగి వచ్చినవాడికే కాదు, బెల్టు తీసినవాడికి కూడా తలుపు మూసే అధికారం ఆమెకు ఇస్తున్నాను.

కారణం కూడా రాస్తాను. రెండు నెలల కింద, ఆడినెలలో మోహనప్రియ లెక్కల పరీక్ష తప్పి, ఆ కాగితం బియ్యం డబ్బాలో దాచింది. దాచడం తప్పే. గోకులకృష్ణన్ పంపుసెట్టు పాత బెల్టుతో దాన్ని కొట్టాడు. అడ్డం వచ్చిన షర్మిళ మణికట్టు మీద కూడా దెబ్బ పడింది. పిల్ల వారం రోజులు బోర్లా పడుకుంది. ఇదేం పనిరా అని నేనడిగితే, వాడు తల కూడా దించుకోలేదు. "నువ్వు నన్ను కొట్టలేదా నాయనా? నేనేమన్నా చెడిపోయినానా? సిద్ధు బడి ఎగ్గొట్టినాడు, వాద్యారు వాడి చెంప పగలగొట్టినాడు, నువ్వూ కొడితివి. మళ్ళా ఒక్క దినమన్నా ఎగ్గొట్టినాడా?" అన్నాడు. ఆ కథ నాదే. ఇరవై ఎనిమిదేళ్ళుగా పెళ్ళిళ్ళలో, పంచాయతీల్లో మీసం దువ్వుకుంటూ నేనే చెప్పుకున్నాను.

3. చనిపోయిన నా భార్య గోపమ్మ చిన్న ఇత్తడి బిందె షర్మిళకు. గోకులకృష్ణా, నీకు ఎనిమిదేళ్ళప్పుడు రాయి విసిరి పక్కింటి నంజమ్మ నీళ్ళకుండ పగలగొట్టావు. మీ అమ్మ నీ మీద చెయ్యి వేయలేదు. ఈ బిందె నీ భుజాన పెట్టి పది రోజులు నంజమ్మ ఇంటికి నీళ్ళు మోయించింది. తానూ ఇంకో బిందె ఎత్తుకుని నీ పక్కనే నడిచింది. ఆడదాని పెంపకం ఇంతేనని నేను ఎగతాళి చేశాను. ఆ కుండ సంగతి నువ్వు ఈనాటికీ నవ్వుతూ చెబుతావు. నేను కొట్టిన దెబ్బల్లో ఒక్కదానికైనా కారణం చెప్పగలవా? నేనైతే చెప్పలేను. బిడ్డకు తప్పు తెలియజెప్పడం వేరు, మన కోపం దించుకోవడానికి బిడ్డ ఒళ్ళు వాడుకోవడం వేరు. మీ అమ్మకు ఆ తేడా తెలుసు. నాకు తెలుసుకోవడం చేతకాక కాదు, తెలుసుకోవలసిన అవసరం లేకపోయింది. ఇంట్లో నన్ను అడిగేవాళ్ళు ఎవరు?

4. గోపమ్మ మంచాన పడ్డ ఏడాది ఆమెకు నీళ్ళు పోసి, తల దువ్వి, కన్నకూతురిలా చూసుకున్న మా ఇంటి పనిమనిషి చిన్నపొన్నుకు రెండు ఆవులు, దూడ. దూడను విడదీయకూడదు.

5. మా ఊళ్ళో బిడ్డను బడిలో వేసేటప్పుడు తండ్రి వాద్యారు చేతికి బెత్తం ఇచ్చి, "కళ్ళు రెండూ వదిలేయండి సార్, తక్కిన తోలు ఒలిచేయండి" అనడం మర్యాద. నా కొడుకులిద్దరినీ నేనూ అలాగే అప్పగించాను. వాద్యారు మాట తప్పలేదు. సిద్ధరాజ్ కళ్ళు భేషుగ్గా ఉన్నాయి. చెవి సంగతి నేను చెప్పలేదు కదా! అది జరిగాక కూడా ఏటేటా తొలి కోత మామిడికాయలు బుట్టెడు ఆయన ఇంటికి పంపాను. ఆయన పోయాక ఆయన కొడుకులకు పంపుతున్నాను. ఇకమీదట ఆ ఇంటికి ఒక్క కాయ కూడా పోకూడదు. మోహనప్రియను ఏ బడిలో వేసినా ఆ మాట ఎవరి నోటా రాకూడదు.

6. పాలకోడులో కుట్టుపని చేసుకుని బతుకుతున్న సిద్ధరాజ్‌కు మాగాణిలో సగం రాస్తానని కబురు పెట్టాను. వాడు వచ్చి, "భూమి నాకొద్దు నాయనా. ఆ నాలుగు దినాలు నేను యాడుంటినో రాసి సంతకం పెట్టు. అన్న ముందర చదివించు, చాలు" అన్నాడు. వాడు పుట్టాక నన్ను నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. కాబట్టి రాస్తున్నాను.

1978లో వాడికి పదేళ్ళు. ఇంటినిండా పట్టుపురుగులు, గూడు కట్టబోయే ముందు వారం. అప్పుడు పురుగు పగలూ రాత్రీ మేస్తుంది, ఒక పూట ఆకు తప్పితే పంట పోయినట్టే. కూలీలు దొరక్క, నేనే నాలుగు రోజులు వాణ్ణి బడి మాన్పించి మల్బరీ ఆకు కోయించాను. ఐదో రోజు వాద్యారు నిలదీస్తే వాడు, "మా నాయనే నిలిపేసినాడు సార్" అన్నాడు. వాద్యారు నన్ను పిలిపించి పిల్లలందరి ఎదుట అడిగాడు. చదువుకునే బిడ్డను పనికి పెట్టుకున్నానంటే చులకనైపోతానని, "లేదు సార్, నేను దినామూ బడికే పంపినాను" అన్నాను. అబద్ధమాడతావా అని వాద్యారు వాడి చెవి మీద కొట్టాడు. నెత్తురు వచ్చింది. అది చూసి కూడా, నా మాటే నిజమనిపించుకోవడానికి బెత్తం అందుకుని నేనూ కొట్టాను. వాడు ఏడవలేదు, నా ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. గోకులకృష్ణన్ అప్పుడు ధర్మపురి హాస్టల్లో ఉన్నాడు, అసలు సంగతి తెలియదు. గోపమ్మకు తెలుసు. చాలా కాలం నాకు అన్నం వడ్డించి, నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయేది.

సిద్ధరాజ్ బడి ఎగ్గొట్టలేదు. అబద్ధం చెప్పలేదు. బడి మాన్పించింది నేను, అబద్ధమాడింది నేను. గోకులకృష్ణా, నీ కూతురిని కొట్టడానికి నువ్వు సాక్ష్యంగా తెచ్చుకున్న కథ ఇదే. ఇక నీ దగ్గర అది కూడా లేదు.

తుంబలహళ్లి, 2006 సెప్టెంబరు 17, ఆదివారం.

(సంతకం) ము. జయరామ నాయుడు

పై సంతకం మా ఇద్దరి కళ్ళెదుట జరిగింది. దీనివల్ల మాకు వచ్చే ఆస్తి ఏదీ లేదు.

సాక్షులు:
1. వీరరాఘవన్, కిరాణా అంగడి, పాలకోడు
2. చిన్నతంబి, రైతు, తుంబలహళ్లి