కంపు ఊట దాకా

ఏప్రిల్ 10, సోమవారం

అబద్ధపు పత్రంలో నిజమైన దారి రాసి ఉంటే దాన్ని ఏమనాలి?

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు మా ప్రొఫెసర్ ఈ ప్రశ్న వేసి టీ తాగడానికి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చి వేరే పాఠం మొదలుపెట్టాడు. ఇప్పుడు నాకు నలభై ఆరు. నేనింకా ఆ ప్రశ్న దగ్గరే కూర్చుని ఉన్నాను.

ఇన్నేళ్ళూ దానివల్ల ఎవరికీ నష్టం లేకపోయింది. ఈ రోజు గాడ్‌ఫ్రీ ఆ లోటు తీర్చాడు.

గాడ్‌ఫ్రీ మా పారిష్ కౌన్సిల్ ఛైర్మన్, అంటే ఊరి పంచాయతీ పెద్ద. పశువుల డాక్టరుగా రిటైరై, ఇప్పుడు మనుషుల గొడవలు చూస్తున్నాడు. వాగు దారి మీద ఎంక్వైరీ ఈ నెలాఖర్లోనే, మన విలేజ్ హాల్లోనే అన్నాడు. మిల్ ఫామ్ కొనుక్కున్న గారడ్ రెండేళ్ళ క్రితం ఆ దారికి గేటు పెట్టి తాళం వేశాడు. అది ఊరి దారి అని కౌన్సిల్. నా సొంత పొలం అని ఆయన. ప్రభుత్వం పంపే ఇన్‌స్పెక్టర్ వచ్చి, ఇద్దరి మాటా విని తేలుస్తుంది.

గాడ్‌ఫ్రీ ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టింది మా ఊరి చార్టర్ కాపీ. తొమ్మిదో శతాబ్దంలో, ఇంగ్లండింకా చిన్న చిన్న రాజ్యాలుగా ఉన్నప్పుడు, మెర్సియా రాజు ఈ ఊరిని మఠానికి దానం చేస్తూ రాయించిందట. చర్చి వసారాలో బోర్డు మీద కూడా అలాగే ఉంది. అందులో ఊరి ఎల్లలు ఉన్న నాలుగు వాక్యాలు నేను పాత ఇంగ్లీషులో చదివి అర్థం చెబితే చాలట. అంతకు మించి ఎవరూ ఏమీ అడగరు ఫిలిపా గారూ అని ధైర్యం చెప్పి వెళ్ళాడు.

ఆ చార్టర్ దొంగది.

ఏప్రిల్ 11

తెలిసినవాళ్ళం బహుశా పదిమందిమి ఉంటాం. అందులో ఈ ఊళ్ళో ఉన్నది నేనొక్కదాన్ని.

కింద సాక్షిగా సంతకం ఉన్న బిషప్పు ఆ తేదీకి నాలుగేళ్ళ ముందే చనిపోయాడు. మఠం ఒకసారి కాలిపోయింది. పాత పత్రాలన్నీ పోయాయి. తర్వాత ఫ్రాన్సు నుంచి నార్మన్ దొరలు వచ్చి, ఈ భూమి మఠానిదని రుజువేదీ అన్నారు. అప్పుడెవరో సన్యాసి కూర్చుని రుజువు తయారు చేశాడు. పదకొండు వందల ముప్ఫై ప్రాంతంలో. పాత రాజు పేరు పెట్టాడు, పాత తేదీ వేశాడు, చచ్చిపోయిన బిషప్పు చేత సంతకం పెట్టించాడు. అప్పట్లో చాలా మఠాలు చేసిన పనే.

దానమంతా లాటిన్‌లో ఉంటుంది. దేవుడి భయం, నరకం బెదిరింపు, రాజుగారి బిరుదులు. ఎల్లల దగ్గరికి రాగానే మాట ఇంగ్లీషులోకి దిగుతుంది. ఆ గట్ల మీద నడిచేవాళ్ళది ఆ భాష మరి.

"మొదట ఆల్డర్ చెట్ల రేవు నుంచి వాగు వెంబడే కంపు ఊట దాకా. కంపు ఊట నుంచి వుల్ఫ్‌రిక్ ముళ్ళచెట్టుకు. ముళ్ళచెట్టు నుంచి దొంగ వేలాడే చోటికి. అక్కణ్ణించి పాత గట్టు మీదుగా మళ్ళీ రేవుకు."

క్లాసులో పాత ఇంగ్లీషు యుద్ధాల పద్యాలు చెబుతాను. దొరను పోగొట్టుకుని చలి సముద్రం మీద తిరిగేవాళ్ళ ఏడుపులు చెబుతాను. జవాబు రాయకుండా వదిలేసిన పొడుపుకథలు చెబుతాను. పిల్లలకు అవి ఇష్టం. నాకు మాత్రం ఎప్పుడూ ఈ నాలుగు వాక్యాలే. ఇందులో వీరుడు లేడు. ఎవరివో కాళ్ళు ఉన్నాయి, అంతే.

ఏప్రిల్ 13

మధ్యాహ్నం థర్జా పెగ్లర్ ఇంటికి వెళ్ళాను. ఎనభై మూడేళ్ళ మనిషి. వాగుకు ఇటుపక్క ఆమె, అటుపక్క పాత మిల్లు కాటేజీలో ఆమె చెల్లెలు డోర్కస్. డోర్కస్‌కు చూపు పోయింది. గేటుకు తాళం పడకముందు థర్జా రోజూ వాగు దారిన గిన్నె పట్టుకుని వెళ్ళి, చెల్లెలితో కలిసి తిని వచ్చేది. ఇప్పుడు రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్ళాలి. క్వారీ లారీలు తిరిగే రోడ్డు, పక్కన నడవడానికి అడుగు జాగా లేదు. థర్జాకు కారు నడపడం రాదు. ఎవరైనా ఎక్కించుకున్న రోజే ఇద్దరూ కలిసి భోజనం.

కిటికీలోంచి డోర్కస్ ఇంటి పొగ చూపించింది. పొగ చూసి ఫోన్ చేస్తుందట, పొయ్యి బాగానే రాజేశావు అని చెప్పడానికి. చెల్లెలు తిడుతుందట, కళ్ళున్నదానివి వచ్చి చూడరాదా అని.

చార్టర్ సంగతి చెబుదామనే వెళ్ళాను. ఆమె పుల్లటి రూబర్బ్ కాడలతో చేసిన పై ముక్క తిని వచ్చేశాను.

ఏప్రిల్ 19

అడిగితే చెబుతాను. అడగకపోతే చెప్పక్కర్లేదు.

ఏప్రిల్ 22

అడగరు. నా భయమంతా అదే.

ఏప్రిల్ 25, మంగళవారం, సాయంత్రం ఆరు

అయిపోయింది. ఆకలి వేస్తోంది. వారం రోజుల తర్వాత.

హాలు నిండిపోయింది. టీ బాయిలర్ మధ్య మధ్యలో గుర్రుమంటే, గారడ్ లాయరు ప్రతిసారీ ఆగి దానివైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ సన్నగా, నెమ్మదిగా ఉన్న మనిషి. అన్నీ చేత్తోనే రాసుకుంటుంది.

గాడ్‌ఫ్రీ వేసిన సాక్షుల వరుసలో మొదట నేను. కానీ కుర్చీలు గట్టిగా ఉన్నాయి, నన్ను ముందు వదిలేయండి అని థర్జా పట్టుబట్టింది. ఆమెనే ముందు పిలిచారు.

ఆ దారి ఊరి ఎల్ల అని నీకెలా తెలుసని లాయరు అడిగాడు. పంటల కోసం ప్రార్థన చేసే రొగేషన్ ఆదివారం నాడు ఊరంతా కర్రలు పట్టుకుని ఎల్లలు తిరిగేదని, కొత్తగా నడిచేవాళ్ళని ఎల్ల రాయి మీద కుదేసేవాళ్ళని, తనను ఏడేళ్ళప్పుడు కాళ్ళూ చేతులూ పట్టి వాగు పక్క రాయి మీద మూడుసార్లు కుదేశారని చెప్పింది. డెబ్బై ఏళ్ళు దాటిన సంగతి, జ్ఞాపకం పొరపడవచ్చు కదా అన్నాడాయన, చాలా మర్యాదగా.

థర్జా అంది: "నా బుర్ర పొరపడుతుందేమో బాబూ. నా పిర్ర పొరపడదు. కావాలంటే ఆ రాయి మీద కూర్చుని చెబుతా, అదో కాదో."

హాలంతా నవ్వింది. ఇన్‌స్పెక్టర్ తల వంచుకుని రాసుకుంది గానీ, ఆమె భుజాలు కదలడం నేను చూశాను. తర్వాత థర్జా పెళ్ళి నుంచి ఇప్పటిదాకా ఆ దారిన ఎప్పుడెప్పుడు నడిచిందో చెప్పింది. ఇంకో ఎనిమిది మంది అదే చెప్పారు.

తర్వాత నన్ను పిలిచారు. నాలుగు వాక్యాలు చదివాను. ఈ ఊళ్ళో ఆ మాటలు వినపడి ఎన్నాళ్ళయిందో అనిపించింది. గారడ్ సర్వేయరు పొలమంతా చూశాడని, అక్కడ కంపు ఊట గానీ మంచి ఊట గానీ ఏదీ లేదని లాయరు అన్నాడు. ఇంక అడిగేదేమీ లేదని ఆయన కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ థాంక్యూ అంది. నేను లేవాలి.

లేవలేదు.

"ఒక సంగతి ఉంది. ఈ చార్టర్ దొంగది" అన్నాను.

చనిపోయిన బిషప్పు, కాలిపోయిన మఠం, అన్నీ చెప్పాను. గాడ్‌ఫ్రీ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నాడు. లాయరు లేచి, అబద్ధాలకోరు రాసిన దారిని మనమెందుకు నమ్మాలి అన్నాడు. అది ఇరవై నాలుగేళ్ళుగా నేను వేసుకుంటున్న ప్రశ్న. తడుముకుంటూ చెప్పాను. ఆ కాలపు కోర్టులో ఆ పత్రాన్ని పైకి చదువుతారు. వినేవాళ్ళలో చుట్టుపక్కల రైతులుంటారు. వాళ్ళకు రాజు తెలియదు, బిషప్పు తెలియదు. గట్లు తెలుసు. ఒక్క గుర్తు తప్పితే మొత్తం అబద్ధం అక్కడే కూలుతుంది. కాబట్టి ఆ దొంగ మిగతా ఎక్కడైనా అబద్ధమాడి ఉండొచ్చు గానీ, అక్కడ మాత్రం ఆడలేడు.

ఇన్‌స్పెక్టర్ చాలాసేపు రాసుకుంది. ఏం రాసిందో ముఖం చూస్తే తెలియలేదు. తీర్పు పోస్టులో వస్తుందట.

గాడ్‌ఫ్రీ నాతో మాట్లాడకుండా కుర్చీలు సర్దాడు. చెడగొట్టానేమో. అయినా ఈ రాత్రి నిద్ర పడుతుందని తెలుస్తోంది.

ఏప్రిల్ 26

నిద్ర పట్టింది. తొమ్మిదింటి దాకా.

ఏప్రిల్ 29

దుకాణానికి వెళ్ళకుండా మూడు రోజులు గడిపాను. థర్జా ఎదురుపడుతుందని. ఈ ఉదయం ఆమే తలుపు కొట్టింది. చేతిలో రూబర్బ్ కట్ట. తప్పు చేసిన కుక్కలా ఇంట్లో దూరి కూర్చున్నావేం అని మొదలుపెట్టింది. నేను క్షమించమనబోయాను. ఆమె నా మాట పూర్తి కానివ్వలేదు.

"కాగితం దొంగదైతే నా కాళ్ళు నడవలేదనా తల్లీ?"

టీ పెట్టాను. ఆమె తాగుతూ, గాడ్‌ఫ్రీ కోపం పట్టించుకోకు అంది. ఆవు తన్నినా అలాగే నాలుగు రోజులు మాట్లాడడట.

ఆమె వెళ్ళాక వంటింట్లో నిలబడి కాస్త ఏడ్చాను. దిగులుతో కాదు.

మే 14, రొగేషన్ ఆదివారం

ఒళ్ళంతా బురద. రాయకుండా పడుకోలేను.

తీర్పు రాలేదు కాబట్టి పోయినేడులాగే గేటు దాకా వెళ్ళి ఆగిపోతామనుకున్నాం. చర్చి ఫాదర్ ముందు, విల్లో కర్రలతో మేం వెనక. గేటు దగ్గర గారడ్ నిలబడి ఉన్నాడు. తాళం తీసి ఉంది. ఈ ఒక్క రోజుకే అన్నాడు, ఇది దేనినీ ఒప్పుకున్నట్టు కాదని లాయరు చెప్పమన్నాడన్నాడు. ఆ మాట బడిలో అప్పజెప్పినట్టు చెప్పేసరికి గాడ్‌ఫ్రీ కూడా నవ్వాడు.

నడుస్తుంటే గారడ్ నా పక్కకొచ్చాడు. తాళం ఎందుకు వేశాడో మొదటిసారి నాకు చెప్పాడు. ఎవరిదో కుక్క, గొలుసు లేకుండా వదిలారు. పొద్దున వెళ్ళి చూస్తే ఈనడానికి సిద్ధంగా ఉన్న గొర్రెలు మూడు, అది తరిమితే వాగులో పడి చచ్చి ఉన్నాయట. ఆ కుక్క ఎవరిదో ఒక్కరూ చెప్పలేదు. అది ఈ ఊళ్ళో ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది.

వాగు మలుపు దగ్గర ఆయన కొత్త కంచె ఒరిగి ఉంది. ఐదారు స్తంభాలు తాగినవాళ్ళలా ఒకదాని మీద ఒకటి వాలాయి. ఎన్నిసార్లు పాతినా వారం నిలవవని, ఈసారి సిమెంటు పోయించానని, అదీ దిగబడిందని గారడ్ విసుక్కున్నాడు. ఒక స్తంభం ఊపి పైకి లాగాడు. గుంటలో నల్లటి నీళ్ళు బుడబుడమంటూ ఊరాయి. కుళ్ళిన గుడ్ల వాసన. ముందున్నవాళ్ళు ముక్కు మూసుకుని వెనక్కి జరిగారు.

నేను మాత్రం ముందుకు వంగాను. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది.

ఇదే మీ సర్వేయరు చూడని ఊట అని గారడ్‌తో చెప్పాను. ఆయన గుంటలోకి చూశాడు, నావైపు చూశాడు. తొమ్మిది వందల ఏళ్ళ క్రితం నడుం వంచి ఇదే వాసన చూసినవాడు ఒకడున్నాడు. లేదా చూసినవాణ్ణి అడిగి రాసుకున్నాడు. బిషప్పును చావు నుంచి లేపాడు గానీ, ఊటను మాత్రం కల్పించలేదు.

"ముందే చదివి ఉంటే కంచె ఇక్కడ వేయించేవాణ్ణి కాదు కదండీ" అన్నాడు గారడ్. నిజంగానే బాధపడుతూ.

థర్జాకు ఇవేమీ పట్టలేదు. పక్కనే నాచు పట్టిన రాయిని కర్రతో కొట్టి, ఈయన ఈ ఊరు వచ్చి ఆరేళ్ళయింది, ఇంతవరకు ఎవరూ కుదేయలేదేం అని అడిగింది. గారడ్ వద్దంటూనే కోటు విప్పి ఫాదర్ చేతికిచ్చాడు. నలుగురు పట్టారు. గాడ్‌ఫ్రీ కాళ్ళ వైపు. మూడుసార్లు. మూడోది కాస్త గట్టిగానే పడింది.

మిల్లు దగ్గర డోర్కస్ గుమ్మంలో నిలబడి ఉంది. కర్రల చప్పుడు వింటూ. థర్జా ఆమె దగ్గరికి వెళ్ళి తన ముఖం మీద చెయ్యి వేయించుకుంది. బక్కచిక్కావని డోర్కస్ తిట్టింది.

జూన్ 28

తీర్పు వచ్చింది. దారి ఊరిదే. ఇరవై ఏళ్ళకు పైగా జనం అడ్డు లేకుండా నడిచారని రుజువైందట. గొర్రెల కోసం, కుక్కలకు గొలుసు తప్పనిసరని బోర్డు పెట్టాలని కౌన్సిల్ తనంతట తనే తీర్మానించింది. గాడ్‌ఫ్రీ ఫోన్లో చదివి వినిపిస్తూ మధ్యలో రెండుసార్లు ముక్కు చీదాడు.

చార్టర్ గురించి ఒకే వాక్యం ఉంది. ఆసక్తికరమైన పత్రం గానీ, ఈ నిర్ణయంలో దానికి ఇచ్చిన ప్రాధాన్యం స్వల్పం.

స్వల్పం. నేను తిండి మానేసిన వారం, నిద్ర పట్టని రాత్రులు, అన్నీ స్వల్పం. ఫోన్ పెట్టేసి తోటలోకి వెళ్ళి గట్టిగా నవ్వాను. పక్కింటివాళ్ళు తొంగి చూశారు. ఇంత హాయిగా ఎప్పుడున్నానో గుర్తులేదు.

జులై 2, ఆదివారం

థర్జా గిన్నెతో వాగు దారిన వెళ్ళడం చూశాను. ఊట దగ్గర దాటడానికి చెక్క పలక వేశారు.

ఒక్కటి మిగిలింది. ఆ రోజు నేను నోరు తెరిచేసరికి థర్జా చెప్పేసింది, హాలు నవ్వేసింది, ఇన్‌స్పెక్టర్ భుజాలు కదిలాయి. గెలిచామని లోపల ఎక్కడో తెలిసే చెప్పానా? గాడ్‌ఫ్రీ వేసిన వరుసలోనే నన్ను ముందు పిలిచి ఉంటే?

చెప్పేదాన్ని అని రాసి కొట్టేశాను. చెప్పేదాన్ని కాదని రాసి అదీ కొట్టేశాను.

తెలియదు.