మన కూత తెలియని పిట్ట

అరూషా

ప్రియమైన నాన్నకి,

నియాసా అడవిలో తేనెపట్టులకు సింహస్వప్నమైన ఇసూఫో గారికి, వారి ఏకైక పుత్రిక అతీజా వ్రాయు విన్నపము.

నేను క్షేమం. ఈ దేశంలో మన మొక్కజొన్న ముద్ద షీమాకే ఉగాలి అని పేరు మార్చి పెడుతున్నారు, మారుమాట్లాడకుండా తింటున్నాను. వచ్చే నెల మా వన్యప్రాణుల క్లాసు వాళ్లందరినీ ఎయాసీ సరస్సు వైపు, వేట మీద బతికే హాడ్జా వాళ్ల అడవికి తీసుకెళ్తున్నారు. వాళ్లూ మనలాగే తేనె చూపే పిట్టను పిలిచి దాని వెంట పోతారట. అది విన్నాక నా నోరు ఊరుకుంటుందా? "పిట్టను నేను పిలుస్తాను! తాత మా నాన్నకిచ్చిన కూత, మా నాన్న నాకిచ్చాడు" అని లేచి ప్రకటించేశాను. కిసాంగా మాస్టారు సరేనన్నారు. ఇరవై ముగ్గురి ముందు మన వంశం పరువు ఇప్పుడు నా గొంతులో ఉంది. జలుబు చేయకుండా దీవించు.

నీ అతీజా

*

చిట్టితల్లి అతీజాకి,

"బ్ర్ర్ర్" అన్నప్పుడు నాలుక వణకాలి. "హ్మ్" పొట్టలోంచి రావాలి. ముక్కులోంచి వచ్చిందో, పిట్ట రాదు, మేక వస్తుంది. పట్టు తీశాక పిట్ట వాటా మైనం పచ్చని ఆకుల మీద పెట్టు. కూలి ఎగ్గొట్టే ఇల్లు అనిపించకు. మీ అమ్మ ఎండుచేప పంపుతోంది, హాస్టల్లో అందరికీ పంచకు.

నాన్న

*

ప్రియమైన నాన్నకి, తలవంచుకుని రాస్తున్నది,

ఏనుగులు వచ్చాయి. జిరాఫీలు వచ్చాయి. పిట్ట రాలేదు. పొద్దున్నుంచి ఎండెక్కేదాకా పిలిచాను నాన్నా. "బండి స్టార్ట్ అవుతున్నట్టు లేదు, తొయ్యమంటావా?" అన్నాడు నా పక్కనున్న ఎలిబరికి అనే కుర్రాడు.

అప్పుడు మరోబా అనే హాడ్జా పెద్దాయన దగ్గరికొచ్చాడు.

"ఎవర్ని పిలుస్తున్నావే మనవరాలా?"

"తేనెపిట్టను, తాతా."

"ఏ ఊరి పిట్టను?"

"మా ఊళ్లో ఇలాగే పిలుస్తాం."

"మరి మీ ఊరికి వినపడేలా అరవాలి కదా!"

అందరూ పడీపడీ నవ్వారు. ఆయన పాటలాంటి ఈల వేశాడు. రెండో ఈలకే పిట్ట వచ్చి, బవోబాబు చెట్టులోని పట్టు దాకా మమ్మల్ని నడిపించింది. నేను మైనం ఆకు మీద పెడితే ఆయన తీసి మంటలో పడేశాడు.

"కడుపు నిండితే పిట్ట రేపు పనిలోకి రాదే!"

"మా నాన్న పిట్టకు కూలి ఎగ్గొట్టడు!"

"మీ నాన్న ధర్మాత్ముడే. ఈ పిట్ట మాత్రం నాది."

అయినా నేను ఇంకో ముక్క పెట్టే వచ్చాను.

అసలు సంగతి ఇది. ఊరూరికీ పిలుపు ఎందుకు మారుతుందో నన్నే కనుక్కోమంటున్నారు మాస్టారు. సెలవులు రెండు నెలలూ మరోబా తాత దగ్గరుండి ఆ ఈల నేర్చుకోవాలి. నాకు ప్రాణం లాగుతోంది. కానీ వంశం కూత ఉండగా పరాయి ఈల నేర్చుకుంటే నీ మనసు నొచ్చుకుంటుందేమో. వద్దంటే ఇంటికి వచ్చేస్తాను. నీ మాటే మాట.

పరువు పోగొట్టిన అతీజా

*

తల్లీ అతీజా,

నీ ఉత్తరం చదివాక నాకు వచ్చింది కోపం కాదు, సిగ్గు. ఆ కూత మా నాన్నది కాదు.

పెళ్లయ్యాక మన వైపు అందరు అల్లుళ్లలాగే నేనూ భార్య ఊరికి వచ్చినవాణ్ణే కదా. దక్షిణాన మా మాకువా వాళ్ల ఊళ్లో పిట్టను పిలవడంలో నేనే మొనగాణ్ణని, ఇక్కడ దిగిన రోజే గొప్పలు పోయాను. ఇక్కడి పిట్ట నా కూతకు తల కూడా తిప్పలేదు. నువ్వు ఒక పూట ఓడిపోయావు, నేను ఏడాదంతా ఓడిపోయాను. "బావా, పిలుస్తున్నావా, దగ్గుతున్నావా?" అనేవాడు మీ మేనమామ. చివరికి ఈ కూత నాకు నేర్పింది మీ అమ్మ. అది మీ అమ్మమ్మ ఇంటిది. మన పద్ధతిలో ఇల్లు అమ్మ వైపే కాబట్టి నాకన్నా నీకే హక్కెక్కువ. మా నాన్న ఇచ్చాడని నీకు చెప్పింది ఉత్త డంబం.

పరాయి కూత నేర్చుకుంటే నాకు పోని పరువు నీకెలా పోతుంది? అక్కడే ఉండి నేర్చుకో. ఆ పెద్దాయనకు నా సలాం చెప్పు. ముసలాయనతో పిట్ట కూలి కోసం పోట్లాడావు చూడు, అది విని మీ అమ్మ నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివించుకుంది.

ఇంకో మాట. మా అమ్మాయి రెండు దేశాల పిట్టలతో మాట్లాడుతుందని మసీదు దగ్గర అందరికీ చెప్పేశాను. నేర్చుకోకుండా మాత్రం రాకు.

మీ అమ్మ శిష్యుడు,
ఇసూఫో