కోసేసిన అంచులు

గురువారం రాత్రి, అశోక్‌నగర్

పొద్దున దీపం పెట్టి, చిక్కడపల్లిలో మా బైండింగ్ షాపుకు వెళ్లి, రోజూలాగే కుట్టుదారానికి మైనం పట్టిస్తూ కూర్చున్నాను. బయట కోచింగ్ పిల్లలు ఇడ్లీ బండి చుట్టూ మూగి ఉన్నారు. తమ్ముడు నవ్వుకుంటూ వచ్చి, బర్కత్‌పుర టీచరమ్మ ఇచ్చిన పారాయణ పుస్తకం నా ముందు పెట్టాడు.

"నువ్వయితే నాలుగు దినాలు కుడుతుంటివి అక్కా. నేను నిన్ననే గమ్ము పెట్టి, మిషన్ మీద కోసేసిన. అంచులెంత సాఫ్‌గ వచ్చినయో చూడు!"

చనిపోయిన టీచరమ్మ వాళ్లమ్మ ఏ పారాయణం ఎవరి కోసం చేసిందో ఆ అంచుల మీదే పెన్సిల్‌తో రాసుకుంది. 'చిన్నదాని జ్వరం' అని ఉన్నచోట ఇప్పుడు 'చిన్నదాని' వరకే మిగిలింది.

"గవి ఉత్త గీతలనుకున్న అక్కా."

"ఒక్క పేజీ అన్న తిప్పి చూసినవా రా?"

నా ఒళ్లు మండిపోయింది. సాయంత్రం పూజలో కూర్చున్నా నోటికి మంత్రం రాలేదు. పని నేర్పేటప్పుడు నాన్న నాచేత రెండేళ్లు చిత్తు కాగితాలే కుట్టించాడు. చెయ్యి నెమ్మదిగా నడిస్తేనే కన్ను ప్రతి పేజీనీ చూస్తుంది. వీడికి ఆ ఓపిక నేనే నేర్పలేదేమో...

"టీచరమ్మకు మిషన్ ఖరాబైందని చెప్తే అయిపాయె గద వదినా," అంది రాత్రి ఇంట్లో మరదలు.

"అబద్ధం చెప్పుడే అయితే షాపుకు తాళమేయండి," అన్నాను.

చివరికి తేలింది ఇదీ. రేపు షాపు తెరవం. ముగ్గురం కోసిన అంచులు పడేసిన తుక్కు సంచి విప్పి, దొరికినన్ని ముక్కలు ఏరి అంటిస్తాం. ఎల్లుండి పుస్తకం తమ్ముడే తీసుకెళ్లి, తాను చేసింది తన నోటితోనే టీచరమ్మకు చెప్తాడు. నేను వెంట వెళ్లను.