చలికి మూసిన కిటికీ

హాలిఫాక్స్,
18 ఫిబ్రవరి 2024

అమ్మకు,

భవిత నమస్కరించి రాసేది. నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వు, నాన్న, చిన్నమ్మ వాళ్లు బాగున్నారని ఫోన్‌లో వింటూనే ఉన్నాను. ఇషిత గురించి మాత్రం "బాగుంది" అని ఒక్క ముక్కలో రాయలేను. ఫోన్‌లో చెబుదామంటే నువ్వు స్పీకర్ పెడతావు, చిన్నమ్మ పక్కనే ఉంటుంది, దాని కన్నతల్లి కదా. అందుకే ఈ ఉత్తరం. మా క్లాసు నర్సింహ రేపు ఊరికి వస్తున్నాడు, అతని చేతికే ఇస్తున్నాను.

పచ్చళ్ల పార్శిల్‌లో నువ్వు పెట్టిన చీటీ అందింది. అన్నమే తింటున్నాను, బ్రెడ్ కాదు. పార్ట్‌టైమ్ ఇంకా దొరకలేదు, పద్నాలుగు చోట్ల అప్లై చేశాను. ఒక్కో కౌంటర్ ముందు మనవాళ్లే యాభై మంది నిలబడుతున్నారు. జుట్టు రాలుతున్న మాట నిజమే. ఇక "మీ గదికి కిటికీ ఉందా, గాలి ఆడుతుందా" అని అడిగావు. ఉందమ్మా. నేను చెప్పాల్సింది దాని గురించే.

ఇల్లు దక్షిణామూర్తి అంకుల్‌ది. గుంటూరు వైపు మనిషి, ఇంజినీరుగా రిటైరయ్యారు. ఇళ్లు దొరకని రోజుల్లో, తెలుగు పిల్లలమని నాకూ ఇషితకూ కలిపి పై గది ఇచ్చారు. నూట యాభై ఏళ్ల ఇల్లట. ఓడల్లో స్కాట్లండు నుంచి వచ్చినవాళ్లు అక్కడ తమ ఇళ్లకు ఉండే కిటికీలే ఇక్కడా పెట్టుకున్నారట. మా కిటికీ ఇంటికప్పులోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. మన కిటికీలా రెక్కలుండవు. కింది అద్దం చట్రాన్ని పైకి లేపాలి. గోడలో కనబడకుండా తాళ్లకు ఇనుప గుండ్లు వేలాడుతుంటాయి. చేదబావి గిలకలాగే, గుండు దిగుతుంటే చట్రం తేలిగ్గా లేస్తుంది.

చేరిన రోజే అంకుల్ చెప్పారు: "అమ్మాయ్, ఇది సోకుకి పెట్టింది కాదు. కింద మెట్లకి నిప్పంటుకుంటే మీరు బయటపడే దారి ఇదొక్కటే. చలేస్తే ఇంకో హీటర్ కొనిస్తా. దీన్ని మాత్రం బిగించొద్దు."

కిందటి నెల వంటగదిలో పొగ వచ్చిందని, ఇషిత చేతికి గాజు గీసుకుందని మీకు చెప్పాం. గీసుకోవడం కాదు. కింద గది అమ్మాయి పొయ్యి మీద నూనె మరిచిపోయింది. మధ్యాహ్నం పూట, నేను కాలేజీలో ఉన్నాను, పైన ఇషిత ఒక్కతే. మెట్లనిండా పొగ. కిటికీ లేపబోతే లేవలేదు. కుడిచేత్తో అద్దం పగలగొట్టింది. ఫైరింజన్ వాళ్లు వచ్చి దింపారు. రెండు వేళ్ల నరాలు తెగితే ఆపరేషన్ చేశారు. ఆ వేళ్లు ఇంకా వంగడం లేదు. అది చదివేది డెంటల్ కోర్సు, చెయ్యే దాని బతుకు. ఏప్రిల్ దాకా ఏమీ చెప్పలేమంటున్నారు డాక్టర్లు.

ఇక అసలు మాట. కిటికీ లేవకపోవడానికి కారణం నేను.

డిసెంబరులో కిటికీ సందుల్లోంచి గాలి ఈల వేస్తూ కొట్టేది. ఒకరోజు ఇషిత క్లాసుకి వెళ్లాక, గొట్టాలు లీకైతే పూసుకోమని నాన్న సూట్‌కేసులో పెట్టిన రెండు ముద్దల సీలెంట్ ప్యాకెట్టు తీశాను. రెండూ కలిపి పిసికి, చట్రం చుట్టూ కూరాను. గంటలో రాయిలా బిగిసింది. అంకుల్ కంట పడకుండా పైన తెల్ల రంగు పూశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇషిత వచ్చి "గది ఎచ్చగుంది అక్కా" అంటే, హీటర్ పెంచానన్నాను.

పాత కిటికీ కదా, బిగుసుకుపోయిందని అందరూ అన్నారు. నేనూ తలూపాను. "నువ్వు తోడున్నవు కాబట్టే నా బిడ్డకు గీతతోనే పోయింది" అని చిన్నమ్మ ఫోన్‌లో ఏడ్చింది. అదీ విన్నాను. అంకుల్ అయితే తన అజాగ్రత్తే అని కుమిలిపోతున్నారు. ఈ పొద్దున ఆయనకు చెప్పేశాను. ఆయన, "ఇషితకి చెప్పావా?" అన్నారు. లేదన్నాను. "ముందు ఆ పిల్లకి చెప్పు. తర్వాతే ఇంకెవరికైనా."

ఇక్కడిదాకా రాసి లేచాను. ఇప్పుడే ఇషితకి చెప్పి వచ్చాను.

అది వేళ్ల కసరత్తుకిచ్చిన మెత్తటి బంతి పిసుకుతూ అంతా వింది. "ఎంతసేపు లేపిన్నో నీకు తెల్వదక్కా," అంది. "లేవకపోతే, నాకే బలం లేదనుకున్న. నా చేతులదే తప్పనుకున్న. నెల సంది గదే అనుకుంటున్న." అంతే, గోడవైపు తిరిగి పడుకుంది. తిట్టినా బాగుండేది.

"నీ చేతులది తప్పు కాదే" అని మూడుసార్లు అన్నాను. దుప్పటి తలమీదికి లాక్కుంది.

అమ్మా, ఈ ఉత్తరం దాచకు. చిన్నమ్మకు చదివి వినిపించకు కూడా, నువ్వు మెత్తగా మార్చి చదువుతావు. ఆమె చేతికే ఇవ్వు. నన్ను ఎంత తిట్టినా పడతాను. కానీ ముందు ఇషితకి ఫోన్ చేసి, తప్పు దాని చేతులది కాదని చెప్పమను. నా మాట అది ఇక నమ్మదు. వాళ్లమ్మ చెబితే నమ్ముతుంది.

ఇట్లు,
నీ బిడ్డ, ఇషితకి అక్క,
భవిత